తమ్ముడికి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకపోతే నేను పిసినారినా?

గాజువాక నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 26. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, షిఫ్టు వారం వారం మారుతుంది. నాన్న పోయి చాలాకాలమైంది. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తమ్ముడికి ఈ ఏడాది కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, సీఎస్ఈలో ఏఐ-ఎంఎల్ బ్రాంచి. కాలేజీ తగరపువలస వైపు. హాస్టల్ ఖర్చు ఎందుకని రోజూ ఇంటి నుంచే బస్సులో వెళ్లి వస్తాడు.

ల్యాప్‌టాప్ కోసమని ఈమె చీటీ డబ్బులో 45 వేలు పక్కన పెట్టారు. తమ్ముడేమో ద్వారకానగర్‌లో ఒక షోరూముకి తీసుకెళ్లి 72 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించాడు. అందులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉందట. "ఏఐ బ్రాంచి వాళ్లకి జీపీయూ లేకపోతే పని జరగదక్కా, మా క్లాసులో అందరూ ఇవే కొంటున్నారు" అన్నాడట. షోరూములో కుర్రాడు కూడా వంత పాడాడు. "నో కాస్ట్ ఈఎంఐ మేడమ్. నెలకి నాలుగు వేలు, 18 నెలలు. కట్టినట్టే తెలీదు." అదే షోరూములో 46 వేలకి మామూలు ల్యాప్‌టాప్ ఉంది: ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న షాపువాళ్లు కంపెనీల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్ 20 వేలకి ఇస్తామన్నారు: ఎనిమిదో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, మూడు నెలల వారంటీ.

ఇవి చాలవన్నట్టు బెంగళూరులో ఉన్న మేనమామ ఫోన్ చేసి, "నేను 2016లో కొన్నది ఖాళీగా పడి ఉంది, పంపిస్తాను, డబ్బులు దండగ చెయ్యకండి" అన్నారు. ఆయన మాట కాదంటే నొచ్చుకుంటారని అమ్మకి బెంగ. మళ్లీ ఆ అమ్మే, "తమ్ముడికి కాకపోతే ఇంకెవరికి పెడతావు, ఏటే ఈ గోల" అంటోంది. తమ్ముడు నాలుగు రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఉత్తరం చివర్లో ఈమె ఇంకో మాట రాశారు: తను గ్రూప్-2కి చదువుకుంటున్నారు, ఫోనులో పీడీఎఫ్‌లు చదివి కళ్లు లాగేస్తున్నాయి, రాత్రిపూట కాసేపు తనకీ ల్యాప్‌టాప్ దొరికితే బాగుండును, కానీ ఆ మాట ఇంట్లో అనలేదు. "నేను మరీ పిసినారిగా ఆలోచిస్తున్నానా? ఏది కొనాలో మీరే చెప్పండి" అని ముగించారు.

*

అమ్మా, షిఫ్టు డ్యూటీలు చేస్తూ కట్టుకున్న చీటీలోంచి 45 వేలు తీసి తమ్ముడి చదువుకి పెట్టే మనిషిని పిసినారి అని ఎవరూ అనరు. ఆ టెన్షన్ వదిలేయండి. నాకు ఆ ప్రశ్న కన్నా దానికి ముందు రాసిన మాటే ముఖ్యంగా కనిపించింది. మీకు కూడా ల్యాప్‌టాప్ కావాలి. దాన్ని ఉత్తరం చివర్లో, ఏదో తప్పు చేసినట్టు రాశారు. ఒక్కడి కోసం కొనేది వేరు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకునేది వేరు. పొద్దున ఆరున్నరకి బ్యాగులో బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే ల్యాప్‌టాప్ మీద మీ నైట్ షిఫ్టు వారంలో మీకు చదువు ఎలా సాగుతుంది? షోరూముకి మళ్లీ వెళ్లే ముందు ఈ మాట ఇంట్లో అనండి. అన్నాక లెక్క మారుతుంది. ఎలా మారుతుందో కింద చెబుతాను.

ముందు జీపీయూ, అంటే ఆ గ్రాఫిక్స్ కార్డు సంగతి చూద్దాం. గొడవంతా అక్కడే ఉంది కదా.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధమేమీ కాదు. ఏఐలో వాడే పెద్ద న్యూరల్ నెట్‌వర్కులకి ట్రైనింగ్ ఇవ్వాలంటే జీపీయూ కావాలి. అందులోనూ ఎన్విడియాది అయితే సులువు, ఆ రంగంలో వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఆ కంపెనీ తయారుచేసిన క్యూడా అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి. అయితే ఆ పని ఎప్పుడు పడుతుంది? ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్, మ్యాథ్స్, ఫిజిక్సో కెమిస్ట్రీయో, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ ఉంటాయి. ఆ తర్వాత డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, జావా, పైథాన్. వీటిలో ఒక్కదానికి కూడా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టాక కూడా ల్యాబులో చేయించేవి చిన్న చిన్న డేటాసెట్లు, మామూలు ప్రాసెసర్ మీదే నిమిషాల్లో అయిపోతాయి.

ఆ న్యూరల్ నెట్‌వర్కుల పాఠం, అంటే డీప్ లెర్నింగ్ దాకా వచ్చినప్పుడు కుర్రాళ్లు ఎక్కువగా గూగుల్ కొలాబ్ వాడతారు. బ్రౌజర్‌లో తెరిస్తే గూగుల్ వాళ్ల జీపీయూ ఉచితంగా దొరుకుతుంది. మామూలుగా ఇచ్చేది టీ4 అనే కార్డు, దాని మెమరీ 16 జీబీ. మీరు చూసిన ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్‌లో ఉండేది 4 జీబీ, లేదా 6 జీబీ. అంటే ఉచితంగా దొరికేదే పెద్దది. కాగుల్ అని ఇంకోటి ఉంది, ఫోన్ నంబరు వెరిఫై చేసుకుంటే వారానికి దాదాపు 30 గంటలు జీపీయూ వాడుకోనిస్తారు. వీటితో ఇబ్బందులూ ఉన్నాయి. నెట్ బాగుండాలి, కొలాబ్ మధ్యలో సెషన్ తెంపేస్తుంది, డ్రైవ్‌లో సేవ్ చేసుకోకపోతే చేసిందంతా పోతుంది. సొంత జీపీయూ ఉంటే ఈ బాధ ఉండదు. ఉచితంగా వచ్చేదానితో కొంత ఓర్చుకోవాలి మరి.

ఇంకో సంగతి గమనించారా? 18 నెలల ఈఎంఐ పూర్తయ్యేసరికి మీవాడు సెకండియర్ చివర్లో ఉంటాడు. ఆ గ్రాఫిక్స్ కార్డుతో చదువుకి నిజంగా పనిబడే నాటికి వాయిదాలూ అయిపోతాయి, ఏడాది వారంటీ కూడా అయిపోయి ఉంటుంది. ఆ రెండేళ్లూ దాని మీద నడిచేవి గేములే. గేములు ఆడుకోవాలనుకోవడం తప్పేం కాదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆడకపోతే ఎవరాడతారు? కానీ ఆ కోరికని కోరికలాగే అడగాలి, ఏఐ పేరు చెప్పి అక్కని ఒప్పించకూడదు. ఈ మాట మాత్రం వాడితో అనండి, నవ్వుతూనే అనండి.

అన్నట్టు, షోరూముల్లో ఇప్పుడు సగం ల్యాప్‌టాప్‌ల మీద ఏఐ అని స్టిక్కర్ ఉంటోంది. అది ప్రాసెసర్‌లోనే ఉండే ఎన్‌పీయూ అనే వేరే భాగం గురించి. వీడియో కాల్‌లో వెనకాల దృశ్యం మసక చేయడం లాంటి పనులకి అది పనికొస్తుంది. మీవాడి ఏఐ-ఎంఎల్ సిలబస్‌కీ దానికీ సంబంధం లేదు. ఆ స్టిక్కర్ కోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టకండి.

72 వేలది కొంటే ఏమవుతుందో చూద్దాం. ప్రాసెసర్ గట్టిది, ఫ్యాన్లు పెద్దవి, ర్యామ్ చాలావరకు మార్చుకోవచ్చు, ఫైనలియర్ ప్రాజెక్టు దాకా వేగానికి లోటుండదు. అది దాని మంచి. చెడ్డేమిటంటే బరువు. ఈ రకం ల్యాప్‌టాప్‌లు రెండుంపావు కిలోలకి అటూ ఇటూ ఉంటాయి, చార్జర్ ఇంకో అరకిలో. గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ దాటి తగరపువలస అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి ప్రయాణం, పొద్దుటి బస్సుల్లో సీటు దొరికే రోజులు తక్కువ. రికార్డు పుస్తకాలు, క్యారేజీతో కలిపి ఆ బరువు భుజానేసుకుని నిలబడి వెళ్లాలి. బ్యాటరీ నాలుగైదు గంటలు వస్తే గొప్ప. నెల తిరిగేసరికి దాన్ని ఇంట్లో వదిలేసి కాలేజీకి ఉత్త చేతులతో వెళ్లడం మొదలవుతుంది. ఇలా ఇంట్లో ఉండిపోయిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలా చూశాను.

ఇక ఆ నో కాస్ట్ ఈఎంఐ. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే తేల్చి చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. పైగా "మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంతకిస్తారు" అని అడగండి. తగ్గించి చెప్పారా, ఆ తగ్గించినంతా మీ దగ్గర ఈఎంఐ పేరుతో తీసుకుంటున్నట్టే. కార్డు మీ పేరు మీద ఉంటుంది, ఒక నెల ఆలస్యమైతే సిబిల్ స్కోరు దెబ్బతినేది మీకే. నెలకి నాలుగు వేలు మీ జీతంలో ఎంత భాగమో నాకు తెలీదు, మీకు తెలుసు. ఆ నాలుగు వేలు పోతే గ్రూప్-2 కోచింగో, టెస్ట్ సిరీసో మానేయాల్సి వస్తుందా అని కూడా చూసుకోండి. వస్తుందంటే ఆ ల్యాప్‌టాప్ ఖరీదు 72 వేలకన్నా ఎక్కువే.

46 వేలదాని గురించి మీరు రాసింది చాలదు. ఐ5 అన్నంత మాత్రాన ఏమీ తెలియదు. నంబరు మొత్తం రాసుకోండి. చివర్లో యూ అని ఉంటే కరెంటు తక్కువ తినే రకం, బ్యాటరీ ఎక్కువ వస్తుంది. హెచ్ అని ఉంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. మీవాడికి ఏదైనా పర్లేదు. ఐ5 బదులు ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నది చూపిస్తే మాత్రం ఒక మెలిక ఉంది. 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి, లోపలి డిజైన్ ఏ కాలానిదో చెప్పేది ఆ అంకే. 7520యూ అంటే కొత్త పెట్టెలో పాత డిజైను. 7530యూ అంటే దానికన్నా మెరుగైనది. రెండిటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, పక్కపక్కనే పెట్టి అమ్ముతారు.

ఇంతకన్నా పెద్ద విషయం ర్యామ్. విండోస్ 11 నడుస్తూ, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి, పక్కన కోడ్ రాసే ఎడిటర్ పెట్టుకుంటేనే 8 జీబీలో చాలా భాగం నిండిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ మీద బొమ్మ చూపించడానికి కూడా అందులోంచే కొంత పోతుంది. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్, అంటే తెర మీద నకిలీ ఫోన్, నడపాలంటే 16 ఉండాలి. కాబట్టి నాలుగేళ్లు వాడాలంటే 16 జీబీ కావాలి. ఇప్పుడే ఉన్నది కొనడమా, 8 ఉన్నది కొని తర్వాత పెంచుకోవడమా అన్నదే ఆలోచించాల్సింది.

తర్వాత పెంచుకోవాలంటే దానికి స్లాట్ ఉండాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. స్పెసిఫికేషన్లో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే అది అతికించిన రకమే. షోరూములో ఆన్ చేసి పెట్టిన ల్యాప్‌టాప్ మీద మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దానిలో మెమరీ నొక్కండి. కింద స్లాట్స్ యూజ్డ్ అని ఒక వరస కనిపిస్తుంది. 1 ఆఫ్ 2 అని ఉంటే ఒకటి ఖాళీగా ఉన్నట్టు. దాని పక్కనే ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉండి, ఖాళీ స్లాట్ కూడా లేకపోతే ఆ 8 జీబీయే జీవితాంతం. సేల్స్ కుర్రాడు "అన్నీ పెంచుకోవచ్చు మేడమ్" అంటాడు, తిట్టుకోకండి, అతనికి ఈ తెర చూపించమనండి చాలు.

తర్వాత వేయిద్దాంలే అనుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు ఎగరేసుకుపోవడంతో ఈ మధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మన విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని సంబరపడుతున్నాం కదా, మీవాడి ల్యాప్‌టాప్‌కి వేయాల్సిన ర్యామ్‌కి పోటీ వచ్చేది అలాంటివాటి నుంచే. కాబట్టి 8 రేటుతో పాటు 16 ఉన్నదాని రేటు కూడా ఆ రోజే అడగండి. తేడా మూడు నాలుగు వేల లోపయితే 16దే తీసుకోవడం మేలు. అంతకన్నా ఎక్కువైతే ఖాళీ స్లాట్ ఉన్న 8 తీసుకుని సెకండియర్‌లో చూసుకోవచ్చు. విడిగా వేయిస్తే వారంటీ పోతుందేమో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి.

స్క్రీన్ గురించి షోరూములో ఎవరూ చెప్పరు. ల్యాప్‌టాప్‌ని వెనక్కి, పక్కకి వంచి చూడండి. రంగులు మారిపోయి మనుషుల మొహాలు నల్లబడితే అది చవక ప్యానెల్. మీరు గంటలకొద్దీ పీడీఎఫ్‌లు చదవాల్సిన మనిషి, మీకు ఇది తమ్ముడికన్నా ముఖ్యం. ఐపీఎస్ ప్యానెల్, ఫుల్ హెచ్‌డీ ఉండాలి. 14 అంగుళాలది బస్సుకి సులువు, కిలోన్నరకి అటూ ఇటూ ఉంటుంది. టైప్-సి తో చార్జ్ అయ్యేదైతే ఇంకా హాయి. స్టోరేజీ దగ్గర ఈఎంఎంసీ అని ఉంటే అది ఎస్ఎస్‌డీ కన్నా నెమ్మది రకం, ఎంత చవకైనా వద్దు.

డాబాగార్డెన్స్ ల్యాప్‌టాప్‌ని మీరు ఏదో మొహమాటంగా ప్రస్తావించారు గానీ, నాకు అది చెడ్డ బేరంలా అనిపించలేదు. కంపెనీల్లో వాడే మోడళ్లు గట్టిగా ఉంటాయి, కీబోర్డు బాగుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. ఎనిమిదో జనరేషన్ ఇంటెల్ నుంచే విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా మద్దతిస్తుంది, మీకు చెప్పింది సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఆరో, ఏడో జనరేషన్ అంటగడితే మాత్రం వద్దనండి. సీ, జావా, పైథాన్‌కి ఇది నిక్షేపంలా సరిపోతుంది. 20 వేలు పోగా మిగిలిన 25 వేలు మీ దగ్గరే ఉంటాయి. థర్డియర్‌లో అప్పటి అవసరాన్ని బట్టి ఇంకోటి కొనొచ్చు, అప్పుడు వాడికీ ఏం కావాలో తెలిసి ఉంటుంది.

కానీ చూసి తీసుకోవాలి. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, నల్ల కిటికీ తెరుచుకున్నాక పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిషులో టైప్ చేయమనండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి దగ్గరగా ఉంటే బ్యాటరీ అయిపోయినట్టే, కొత్తది వేసి ఇమ్మనండి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చూడాల్సిన రెండోది, బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే ఆ ల్యాప్‌టాప్‌ని వదిలేయండి. మూడోది చాలామంది మరిచిపోతారు. విండోస్‌ని మొదటికంటా రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. అప్పుడు ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, పాత కంపెనీ పట్టు ఇంకా దాని మీద ఉన్నట్టు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. మూత నాలుగుసార్లు తెరిచి మూయండి, మన సముద్రపు గాలికి కీళ్లు, పోర్టులు తుప్పు పట్టడం కొత్తేమీ కాదు.

దీనితో వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. మూడు నెలల తర్వాత ఏదైనా పోతే ఖర్చు మీదే. అది సెమిస్టర్ పరీక్షల ముందు పోతే ఇంట్లో ఏమనుకుంటారో మీరు ఊహించుకోగలరు. "సెకండ్ హ్యాండ్‌ది కొన్నావ్" అనే మాట మీ మీదికి వస్తుంది. క్లాసులో అందరూ కొత్తవి పట్టుకొచ్చినప్పుడు కుర్రాడికి చిన్నతనంగా ఉంటుంది కూడా, దాన్ని మనం కొట్టిపారేయక్కర్లేదు.

మేనమామగారి ల్యాప్‌టాప్ విషయంలో అమ్మ బెంగ తీరిపోయే దారి ఉంది. వద్దనకండి, తీసుకోండి. తమ్ముడి కోసం కాదు, మీ కోసం. 2016 నాటిది విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీరు చేయించాల్సింది ఒకటే: లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. ఎక్కించడానికి డబ్బు అక్కర్లేదు, మీవాడే ఒక ఆదివారం యూట్యూబ్ చూసి చేసేస్తాడు. వాడికి అదే మొదటి పాఠం. ర్యామ్ కనీసం 4 ఉంటే పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ టెస్టులు, అమ్మకి బ్లౌజు డిజైన్ల వీడియోలు హాయిగా నడుస్తాయి. అది ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ పోయినా చింత లేదు. "మామయ్యా, నువ్వు పంపిన దాని మీదే నేను గ్రూప్-2కి చదువుతున్నాను" అంటే ఆయన నొచ్చుకోరు, పదిమందికి చెప్పుకుంటారు. ఒక్కటి మాత్రం ముందే అడగండి, అది ఆయన సొంతంగా కొన్నదేనా, కంపెనీ ఇచ్చిందా అని. కంపెనీదైతే తీసుకోకండి.

ఇలా చూస్తే మీ ఇంటికి కావలసింది ఒకటి కాదు, రెండు. రెండోది మామయ్య పంపిస్తానన్నదే.

ఇంకో దారి కూడా ఉంది. ఇప్పుడేమీ కొనకుండా మొదటి సెమిస్టర్ మామయ్య ల్యాప్‌టాప్‌తో, కాలేజీ ల్యాబుతో గడిపేసి, దసరా దీపావళి సేల్స్‌లోనో ఆ తర్వాతో కొనడం. సీ ప్రోగ్రాములకి పదేళ్ల నాటిదైనా చాలు. డబ్బు పరంగా చూస్తే ఇది తెలివైన పనే. కాకపోతే మీవాడు ఇప్పటికే అలిగి ఉన్నాడు, "ఎలాగూ కొనరు" అనుకునే ప్రమాదం ఉంది. పైగా మీ చదువుకి వచ్చిన ల్యాప్‌టాప్ మళ్లీ వాడి బ్యాగులోకి వెళ్తుంది. వాడితో ఒక తేదీ చెప్పి, ఆ తేదీకి కొంటానని గట్టిగా మాట ఇవ్వగలిగితేనే ఈ దారి పట్టండి.

నన్నడిగితే 45 వేల లోపు కొత్తది, 16 జీబీతోనో ఖాళీ స్లాట్‌తోనో, 14 అంగుళాలది, మీవాడికి. మామయ్యది మీకు. డాబాగార్డెన్స్‌ది రెండో ఎంపిక, మీకు ఆ 25 వేలు చేతిలో ఉండటం ఈ ఏడాది అవసరమనిపిస్తే అదే మొదటి ఎంపిక. గేమింగ్‌ది మీవాడు పట్టుబట్టినా మీ చీటీ డబ్బుకి మించి మీరు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. పైన పడే 27 వేలు తను ఎలా తెస్తాడో వాడినే చెప్పమనండి. ట్యూషన్లు చెప్పి కూడబెడతాడో, ఏడాది ఆగుతాడో. బెదిరింపుగా కాదు, నిజంగానే అడగండి. పద్దెనిమిదేళ్లు నిండినవాడు లెక్క చూడటం నేర్చుకుంటే మీకూ భారం తగ్గుతుంది.

ఎంపిక కూడా వాడికే వదిలేయండి, హద్దు మాత్రం మీరు గీయండి. వాడి కాలేజీలోనే, వాడి బ్రాంచిలోనే థర్డియర్ చదువుతున్న ఇద్దరు సీనియర్లని అడిగి రమ్మనండి: ఏ సాఫ్ట్‌వేర్లు వాడారు, జీపీయూ ఎప్పుడు కావాల్సి వచ్చింది, లేనివాళ్లు ఏం చేశారు, రోజూ ల్యాప్‌టాప్ మోస్తున్నారా అని. క్లాసులో అందరూ కొంటున్నారన్న మాట ఎంత నిజమో కూడా అప్పుడే తేలుతుంది. తర్వాత 45 వేల లోపు మూడు మోడళ్లు ఎంచి, పైన చెప్పినవన్నీ చూసి, ఎందుకు నచ్చాయో మీకు చెప్పమనండి. రెండు షోరూముల్లో అడిగించండి. తను ఎంచుకున్నదాని మీద ఎవరూ అలగలేరు. సీనియర్లు జీపీయూ తప్పదని చెబితే, ఆ మాటా వినండి, నేను అనుకున్నదానికన్నా వాళ్ల కాలేజీ సంగతి వాళ్లకే బాగా తెలుస్తుంది.

కొనేటప్పుడు విండోస్ లోపలే వచ్చిందా, లేక డాస్‌తో, అంటే విండోస్ లేకుండా ఇస్తున్నారా చూడండి. డాస్‌ది చవకగా కనిపిస్తుంది, విండోస్ విడిగా కొనాలంటే ఆ లాభం కాస్తా పోతుంది. ఎంఎస్ ఆఫీస్‌కి విడిగా డబ్బు కట్టకండి, కాలేజీ ఈమెయిల్ ఐడీతో ఉచితంగా వస్తుందేమో ముందు కనుక్కోవాలి, రాకపోతే లిబ్రే ఆఫీస్ ఉంది. యాంటీవైరస్ కూడా అక్కర్లేదు, విండోస్‌లో ఉన్నది చాలు. షోరూము వాళ్లు ఈ రెండూ కలిపి బిల్లులో వేస్తుంటారు, తీసేయమనండి. ఆ డబ్బుతో పడినా, నీళ్లు ఒలికినా పనికొచ్చే యాక్సిడెంటల్ డ్యామేజీ కవర్ దొరుకుతుందేమో అడగండి, బస్సులో తిరిగే ల్యాప్‌టాప్‌కి అది పనికొస్తుంది. మీ గాజువాక దుమ్ముకి ఏడాదికోసారి ఫ్యాన్ శుభ్రం చేయించడం కూడా తప్పదు.

బిల్లు జీఎస్టీ నంబరుతో, మీ పేరు మీద తీసుకోండి. డబ్బా మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది, బిల్లు మీద రాసింది, మూడూ ఒకటేనా చూసుకుని, అక్కడే ఫోనులో కంపెనీ వెబ్‌సైట్ తెరిచి ఆ నంబరు కొట్టండి. వారంటీ ఎప్పుడో మొదలైపోయినట్టు చూపిస్తే అది డెమోకి పెట్టింది అయ్యుండొచ్చు. డబ్బు కట్టకముందే ఇంకోటి తీయమనండి.